మోకాలి ఏసీఎల్ సర్జరీ అయి నాలుగో నెల, టోర్నమెంట్ దగ్గరకొచ్చింది. ఆడకపోతే డెడికేషన్ లేనట్టేనా?

సెంటర్‌హాఫ్_అమ్మాయి రాసింది:

అందరికీ హాయ్. నేను కాలేజీ హాకీ టీమ్‌లో సెంటర్ హాఫ్, అంటే మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఆడతాను, సెకండ్ ఇయర్. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఎవరూ తగల్లేదు, ఎవరూ నెట్టలేదు, బాల్ కోసం ఒక్కసారిగా వెనక్కి తిరిగాను, షూ టర్ఫ్‌ని పట్టేసుకుంది, ఒళ్లు తిరిగింది కానీ పాదం కదల్లేదు, మోకాలి లోపల టప్పుమని నాకే వినిపించింది. సాయంత్రానికి వాచిపోయి కాలు మడవడానికి లేదు. ఎంఆర్‌ఐలో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని వచ్చింది, తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి గ్రాఫ్ (తెగినదాని బదులు పెట్టే స్నాయువు ముక్క) తీసి సర్జరీ చేశారు.

ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. నొప్పి లేదు, వాపు లేదు, మెట్లు మామూలుగా ఎక్కుతున్నాను, మెల్లగా జాగింగ్ కూడా మొదలుపెట్టించారు. ఇంకొన్ని వారాల్లో ఇంటర్ కాలేజీ టోర్నమెంట్ ఉంది. కోచ్ సార్ ఆడమని అనలేదు, ఆడొద్దనీ అనలేదు, "నీకెలా ఉందో నువ్వే చెప్పు" అన్నారు. టీమ్‌లో వాళ్లేమో "నువ్వుంటే మిడ్‌ఫీల్డ్ ధైర్యంగా ఉంటుందే" అంటారు. మా రైట్ బ్యాక్‌కి వేలు విరిగితే టేప్ చుట్టుకుని పోయినసారి టోర్నమెంట్ మొత్తం ఆడేసింది, ఇప్పటికీ అందరూ డెడికేషన్ అంటే అదీ అని దాని గురించే చెప్తారు. అది విన్నప్పుడల్లా నేను బెంచి మీద కూర్చోవడం తప్పించుకోవడంలా అనిపిస్తోంది. పది, పదిహేను నిమిషాలు ఆడి వచ్చేస్తే? హాకీలో సబ్‌స్టిట్యూషన్ ఎన్నిసార్లైనా చేయొచ్చు కదా, మోకాలు బాలేదనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయొచ్చు. నిజంగా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

---

రివర్స్‌హిట్ రాశాడు:

నొప్పి లేదు అంటున్నావు కదా, మోకాలికి నీ-క్యాప్ వేసుకుని దిగు. కాలేజీ హాకీ ఉండేదే మూడు నాలుగేళ్లు, పోయిన సీజన్ మళ్లీ రాదు. రెండో హాఫ్‌లో పదిహేను నిమిషాలు ఆడితే ఏం కాదు.

---

ఫిజియో_అక్క రాసింది:

పై రిప్లై చదివి ఉండబట్టలేక రాస్తున్నా. నేను ఫిజియోని, స్పోర్ట్స్ గాయాలే ఎక్కువ చూస్తాను, అందులో నీ వయసు అమ్మాయిల మోకాళ్లే చాలా.

చెల్లీ, నొప్పి లేకపోవడం వేరు, గ్రాఫ్ గట్టిపడటం వేరు. నీ తొడ వెనక నుంచి తీసి పెట్టిన ఆ స్నాయువు లిగమెంట్‌గా మారడానికి చాలా నెలలు పడుతుంది. మొదట్లో దానికి రక్తప్రసరణే ఉండదు, నాటిన మొక్క వేరు పట్టినట్టు మెల్లగా కొత్త రక్తనాళాలు పట్టి లోపల కణజాలం మొత్తం మారాలి, ఈ మార్పు జరిగే తొలి నెలల్లో గ్రాఫ్ సర్జరీ రోజున ఉన్నదానికంటే బలహీనంగా కూడా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నీకు వాపు తగ్గి, నడక బాగుండి, అంతా బాగైపోయినట్టు అనిపిస్తుంది. మూడు నాలుగు నెలల దగ్గర నా దగ్గరకొచ్చే ప్రతి అమ్మాయీ ఇదే మాట అంటుంది, "అక్కా నాకేం లేదు".

నార్వేలో చేసిన ఒక స్టడీ 2016లో వచ్చింది, మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసినదే. సర్జరీ తర్వాత ఆటలోకి తిరిగి వెళ్లడం తొమ్మిదో నెల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకీ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు దాదాపు సగం తగ్గింది. నెలకి సగం! నువ్వున్నది నాలుగో నెలలో. పైగా 25 ఏళ్ల లోపు వాళ్లు ఇలాంటి ఆటల్లోకి తిరిగి వెళ్లాక దాదాపు నలుగురిలో ఒకరికి మళ్లీ ఏసీఎల్ తెగుతోంది, అదే కాలికో రెండో కాలికో. ఆ రెండో కాలి సంగతి చాలామందికి తెలీదు.

"బాలేదనిపిస్తే బయటికి వచ్చేస్తా" అన్నావు కదా, మొదటిసారి తెగినప్పుడు నీకు ముందుగా ఏమైనా అనిపించిందా? లేదు. తిరిగావు, తెగింది, అంతే. పది నిమిషాలు ఆడినా అరవై నిమిషాలు ఆడినా ఆ తిరగడం ఒక్కసారి చాలు. సెంటర్ హాఫ్ అంటే మ్యాచ్ అంతా తిరగడమే కదా, వెనక నుంచి బాల్ తీసుకుని ముందుకు తిరగాలి, స్టిక్ ఒకవైపే వాడాలి కాబట్టి బాల్ ఎడమవైపు వస్తే ఒళ్లంతా తిప్పాలి, లేదా రివర్స్ (స్టిక్ తిప్పి పట్టి కొట్టడం) కోసం ఎడమ కాలు ముందుకేసి బాగా వంగాలి. ఆ బరువంతా మోకాలి మీదే.

ఇక టెస్టులు. తొమ్మిది నెలలు నిండితే ఆడేయొచ్చని కూడా కాదు. తొడ ముందు కండ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి (ఆ రెండో కాలు కూడా ఇన్నాళ్లు ఆట లేక నీరసపడి ఉంటుంది, కాబట్టి ఆ 90ని చూసి మరీ మురిసిపోవద్దు). ఒంటికాలి మీద గెంతే టెస్టులు ఉంటాయి, ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ క్రాస్‌గా గెంతడం, 6 మీటర్లు ఒంటికాలితో ఎంత టైమ్‌లో వెళ్లావన్నది. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అని వీడియో తీసి చూస్తాం. ఇవన్నీ అయ్యాక కాంటాక్ట్ లేని ప్రాక్టీస్, ఆ తర్వాత పూర్తి ప్రాక్టీస్, ఆ తర్వాతే మ్యాచ్.

ఇప్పుడు డెడికేషన్ మాట. నా దగ్గర ఒక హాకీ అమ్మాయి ఉండేది, సర్జరీ అయిన మొదటి వారాల్లో ఆమె పని ఏంటంటే మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టుకుని దాన్ని మోకాలితో కిందికి నొక్కడం. అంతే ఎక్సర్‌సైజు. కండ అసలు పలకదు, తొడ మీద చెయ్యి పెట్టుకుని నువ్వు బిగించు బిగించు అని ఎంత అనుకున్నా అది వినదు, కళ్లలో నీళ్లు వచ్చేస్తాయి. ఒకరోజు మోకాలి చిప్ప పైన చిన్నగా అదిరింది, "అక్కా కదిలింది!" అని అరిచింది. ఆ మూల ఎవరూ చూడరు, చప్పట్లు ఉండవు, రోజూ అదే టవల్. మ్యాచ్‌లో చివరి క్వార్టర్‌లో పరిగెత్తడం కంటే కష్టం అది, నేను రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా.

---

సెంటర్‌హాఫ్_అమ్మాయి రాసింది:

అక్కా, రెండో కాలి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఆడను సరే. కానీ నిజం చెప్పాలంటే నాకు ఆట కంటే ఎక్కువ బాధ టీమ్‌లో లేనట్టు అనిపించడం. వాళ్లు వార్మప్ చేస్తుంటే నేను పక్కన వాటర్ బాటిల్స్ దగ్గర నిలబడతాను, జోకులు కూడా నాకు అర్థం కావట్లేదు, నేను లేనప్పుడు జరిగినవి అవి. మరి మా రైట్ బ్యాక్ వేలితో ఆడింది కదా, అది తప్పా?

---

పాతగోలీ రాసింది:

ఈ బాధ నాకు బాగా తెలుసు. నేను గోల్‌కీపర్‌ని, కాలేజీలో ఉన్నప్పుడు గోల్ ముందుండే సర్కిల్‌లో ముందుకి డైవ్ చేస్తే ఒక ఫార్వర్డ్ మోకాలు నా హెల్మెట్‌కి గట్టిగా తగిలింది. హెల్మెట్ ఉంది కదా ఏమవుతుంది అనుకుంటారు, హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. కన్‌కషన్ అన్నారు. కట్టు లేదు, కుంటడం లేదు, బయటికి ఏమీ కనపడదు, లైట్ చూస్తే తలనొప్పి, క్లాసులో రెండు లైన్లు చదివితే మూడో లైన్ తెలీదు. కాలు విరిగితే అందరూ అయ్యో అంటారు, తల గాయానికి "బానే ఉన్నావుగా" అంటారు.

దీని రూల్ మాత్రం చాలా క్లియర్, అనుమానం ఉందంటే ఆరోజు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగకూడదు, ఎవరేమన్నా సరే. మొదటి 24 నుంచి 48 గంటలు ఎక్కువగా రెస్ట్, తర్వాత చిన్న నడక, సైకిల్, అలా మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, లక్షణాలు పెరిగితే ఒక మెట్టు కిందికి, కాంటాక్ట్ ప్రాక్టీస్‌కి ముందు డాక్టర్ ఓకే. ఇదంతా ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా, ఎందుకంటే అమ్మాయిల టీముల్లో తల తిరుగుతోందని చెప్పకుండా దాచేవాళ్లు చాలామంది ఉన్నారు, సెలెక్షన్ పోతుందని భయం.

ఇక బెంచి మీద ఏం చేయాలి అన్నది. స్క్రీన్ చూడొచ్చు, చదవొచ్చు అనే దాకా వచ్చాక మా కోచ్ మేడమ్ నా చేతికి నోట్‌బుక్ ఇచ్చి అవతలి టీమ్ పెనాల్టీ కార్నర్లు మొత్తం రాయమన్నారు. ఊరికే స్కోరు కాదు. ఇంజెక్టర్ (బ్యాక్‌లైన్ నుంచి బాల్ బయటికి నెట్టే అమ్మాయి) బాల్ పుష్ చేసే ముందు ఎటు చూస్తోంది, ట్రాప్ (ఆ బాల్‌ని ఆపడం) సర్కిల్ పైన ఎక్కడ పడుతోంది, ఫ్లిక్కర్ (దాన్ని గోల్‌కి విసిరే అమ్మాయి) మొదటి అడుగు ఎంత దూరం నుంచి వేస్తోంది, మా ఫస్ట్ రన్నర్ (వాళ్ల మీదికి ముందుగా పరిగెత్తే డిఫెండర్) బయల్దేరేసరికి బాల్ ఎక్కడుంది. గోల్ లోపల ఉన్నప్పుడు నాకు ఇవేవీ కనపడేవి కావు, మాస్కులు పెట్టుకున్న నలుగురు డిఫెండర్ల మధ్య నుంచి బాల్ ఒక్కటే చూసేదాన్ని. పక్క నుంచి చూస్తే ఒక టీమ్ ఫ్లిక్కర్ గోలీ ఎడమవైపు కింద కొట్టే ముందు ఎడమ భుజం కాస్త ముందుగా దించుతోందని కనిపెట్టాను, బ్రేక్‌లో మా రిజర్వ్ గోలీకి చెప్పాను, ఆ పిల్ల తర్వాతి కార్నర్ కాలితో ఆపేసింది. నేను దిగకుండా ఆపిన గోల్ అది! అంతే, ఆరోజు నుంచి టీమ్ మీటింగుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

నువ్వు సెంటర్ హాఫ్‌వి, ఆటంతా నీ కళ్ల ముందు నడిచేది, నీకు ఇంకా ఎక్కువ కనపడుతుంది. అవతలి ప్రెస్ (బాల్ లాక్కోవడానికి మన మీదికి రావడం) ఎక్కడ మొదలవుతోంది, మన బ్యాక్స్ నుంచి మొదటి పాస్ ఎటు పోతోంది రాయి. వార్మప్ అప్పుడు వాటర్ బాటిల్స్ దగ్గర నిలబడకు, స్టూల్ తెచ్చుకుని స్టిక్ పట్టుకుని బాల్ కుడి ఎడమలు తిప్పు, నీ ఫిజియో ఒప్పుకుంటే. చేతులకేం కాలేదుగా.

---

ఫిజియో_అక్క రాసింది:

వేలి సంగతి మర్చిపోయాను. మీ రైట్ బ్యాక్‌ది తప్పని నేను అనను, ఏ వేలు, ఎక్కడ విరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎముక పక్కకి జరగకుండా నిలకడగా ఉంటే పక్క వేలితో కలిపి టేప్ వేసి, పైన గ్లౌజ్ వేసి డాక్టరే ఆడనిచ్చే కేసులు ఉన్నాయి. అదే వేలి చివర స్నాయువు తెగి కొస వాలిపోతే మాత్రం 6 నుంచి 8 వారాలు స్ప్లింట్‌లో నిటారుగా ఉంచాలి, మధ్యలో ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ మొదటి నుంచి. కాబట్టి ఆ అమ్మాయిని చూసి నీ మోకాలిని కొలుచుకోకు. వేలు పాడైతే స్టిక్ గ్రిప్ మారుతుంది, మోకాలు పాడైతే నలభై ఏళ్లకి మెట్లెక్కడమే మారుతుంది.

---

టచ్‌లైన్_సార్ రాశారు:

అమ్మా, నేను కాలేజీ అమ్మాయిల టీమ్‌కి చాలా కాలంగా కోచింగ్ ఇస్తున్నాను. ముందుగా మీ కోచ్ "నువ్వే చెప్పు" అన్న మాట మీద. అది మంచి మనసుతోనే అని ఉండొచ్చు కానీ ఆ బరువు నీ మీద పెట్టకూడదు. పంతొమ్మిదేళ్ల ప్లేయర్‌ని ఆడతావా అని అడిగితే ఆడతాననే అంటుంది, ఆ జవాబు నాకు అడగకముందే తెలుసు. నువ్వు వెళ్లి "సార్, డాక్టరూ ఫిజియో ఇద్దరూ క్లియర్ చేశాకే నన్ను సెలెక్షన్‌కి చూడండి" అని చెప్పు, వీలైతే వాళ్ల చేత రాయించి ఇవ్వు. కోచ్‌కి కూడా తేలిక, నీ ప్లేస్‌లో ఒకరిని ఇప్పటి నుంచే తయారు చేసుకుంటారు. ఆఖరి నిమిషం దాకా డౌట్‌లో ఉన్న ప్లేయర్ వల్ల టీమ్‌కి జరిగే నష్టం ఎవరూ మాట్లాడరు.

గాయంతో ఆడటం గొప్ప అని చెప్పేవాళ్లు సాధారణంగా కేట్ వాల్ష్ పేరు చెప్తారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ కెప్టెన్, జపాన్‌తో మొదటి మ్యాచ్‌లోనే స్టిక్ తగిలి దవడ విరిగింది, సర్జరీ చేసి ప్లేట్ వేశారు, రెండు మ్యాచ్‌లు బయటుండి మళ్లీ దిగింది, టీమ్ బ్రాంజ్ గెలిచింది. నాకూ ఆమె అంటే చాలా గౌరవం. కానీ ఆ కథలో జనం వదిలేసే ముక్క ఒకటుంది, విరిగిన ఎముకని ప్లేట్‌తో బిగించారు, డాక్టర్లు చూసి పంపారు, అంతవరకు ఆమె కూర్చుంది. అదే టీమ్‌లో హెలెన్ రిచర్డ్‌సన్‌కి తర్వాత నడుముకి రెండు సర్జరీలు అయ్యాయి, అవి అయ్యాక నెలల తరబడి మళ్లీ ఒళ్లు కట్టుకుని వచ్చింది, ఇద్దరూ 2016 రియోలో గోల్డ్ టీమ్‌లో ఉన్నారు. దవడ కథ టీవీలో బాగుంటుంది, నడుము కథ ఎవరూ చూపించరు. నా ప్లేయర్లకి నేను రెండోదే చెప్తాను.

మన రాణీ రాంపాల్ సంగతీ చూడు. టోక్యో ఒలింపిక్స్‌లో ఇండియా టీమ్‌ని నాలుగో స్థానం దాకా నడిపిన కెప్టెన్, హ్యామ్‌స్ట్రింగ్ గాయం తర్వాత 2022 వరల్డ్ కప్ టీమ్‌లో లేదు. అంత పెద్ద ప్లేయర్‌కి కూడా ఒక వరల్డ్ కప్ పోయింది. నీకు పోయేది ఒక ఇంటర్ కాలేజీ టోర్నమెంట్, అది చిన్నదని నేను అనను, నీ వయసులో అదే ప్రపంచం, ఏడుపొస్తే ఏడువు.

ఇంకో మాట కోచ్‌లకి. ఆడపిల్లలకి ఏసీఎల్ తెగే రేటు ఇలాంటి ఆటల్లో మగపిల్లల కంటే ఎక్కువ, రెండింతలకి పైనే. కారణాల మీద వాదన ఉంది కానీ ఒకటి మన చేతిలో ఉంది, గెంతి దిగడం, ఆగడం, తిరగడం, ఒంటికాలి బ్యాలెన్స్, తొడ వెనక బలం, ఇవి ఉన్న వార్మప్ క్రమం తప్పకుండా చేయిస్తే అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని చాలా స్టడీల్లో తేలింది. ఇరవై నిమిషాల పని. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి స్టిక్కులు పట్టించే కోచ్‌లు ఇంకా ఉన్నారు, నాకు నిజంగా కోపం వస్తుంది.

---

ఇన్‌సైడ్‌రైట్_11 రాసింది:

ఎవరూ రాయలేదు కాబట్టి ఒకటి. గాయం టైమ్‌లో తిండి తగ్గించకు. మా టీమ్‌లో చూశాను, రన్నింగ్ లేదు కదా లావైపోతామని సగం తిని లేచిపోతారు. కండ కట్టాల్సిన టైమ్ ఇదే, ప్రోటీన్ కావాలి. మామూలుగా కూడా ఆటకి తగ్గ తిండి లేకపోతే పీరియడ్స్ ఆగిపోతాయి, ఎముకలు బలహీనపడి స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి, దీన్ని రెడ్-ఎస్ అంటారు, ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లో ఈ పేరు పెట్టారు. ట్రైనింగ్ ఎక్కువైతే పీరియడ్స్ రాకపోవడం మామూలే అని సీనియర్లు చెప్తే నమ్మకు, వరసగా మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి.

---

రివర్స్‌హిట్ రాశాడు:

ఫిజియో గారూ, ఆ నెలకి సగం లెక్క కొత్తగా తెలిసింది. దిగు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆడొద్దు చెల్లీ.

---

సెంటర్‌హాఫ్_అమ్మాయి రాసింది:

అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా గోలీ అక్కకి. సార్‌కి ఈరోజే చెప్పాను, డాక్టర్ లెటర్ తెచ్చి ఇస్తానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే మొదటి మ్యాచ్ వాళ్ల కార్నర్లు నువ్వే చూడాలి" అన్నారు, నేను ఇంకా అడగకముందే. నా ప్లేస్‌లో ఫస్ట్ ఇయర్ పిల్ల ఆడుతుంది, బాల్ రాకముందు భుజం మీదుగా వెనక్కి చూడటం దానికి అలవాటు లేదు, రేపటి నుంచి అది నేను నేర్పిస్తాను.

ఫిజియో అక్కా, ఒక్క డౌట్. జాగింగ్ అయ్యాక మర్నాడు పొద్దున మోకాలు కొంచెం బిగుసుకున్నట్టు ఉంటోంది, వాపు కనపడదు. ఆపాలా?

---

ఫిజియో_అక్క రాసింది:

మోకాలి చిప్ప పక్కన లోపలివైపు చేత్తో పైకి తుడిచి, బయటివైపు నుంచి కిందికి తుడువు. లోపలివైపు గుంటలో నీరు అలలా మళ్లీ నిండితే వాపు ఉన్నట్టే, కంటికి కనపడకపోయినా. అలా ఉంటే జాగింగ్ ఆపి సైకిల్‌కి వెళ్లు, నీ ఫిజియోకి చెప్పు. నీరు లేకుండా బిగుతు ఒక్కటే ఉండి, కాస్త నడిచాక పోతుంటే అదే దూరం కొనసాగించు, పెంచకు. రోజు మార్చి రోజు పరిగెత్తు, వరసగా వద్దు. పొద్దున లేవగానే రెండు మోకాళ్లూ ఒకేలా పూర్తిగా చాపగలుగుతున్నావా అన్నది కూడా చూసుకో, అది తగ్గితే మాత్రం ఫోన్ చేసి కాదు, వెళ్లి చూపించుకో.